పొలం కొలిచే యాప్‌లో మ్యాప్ ఎందుకు మాయమవుతుంది? మీ గట్ల గుర్తులు ఎలా దాచుకోవాలి?

ఫోన్‌లో పొలం కొలిచే యాప్‌లు ఇప్పుడు ఊరూరా వాడుతున్నారు. కౌలు లెక్కకు, నాట్ల గుత్తకు, డ్రోన్‌తో మందు కొట్టించినప్పుడు ఎకరాల లెక్క తేల్చుకోవడానికి, డ్రిప్ పైపులు ఎన్ని మీటర్లు కావాలో చూసుకోవడానికి ఇవి బాగానే పనికొస్తున్నాయి. అయితే రైతుల నుంచి ఒకే రకం ఫిర్యాదు తరచుగా వినిపిస్తోంది. "మొన్నటిదాకా యాప్‌లో నా చేను చక్కగా కనిపించేది, ఇప్పుడు బూడిద రంగు గళ్ళు తప్ప ఏమీ లేదు. పొలం దగ్గర సిగ్నల్ లేకపోతే అసలు తెరుచుకోవడం లేదు. గీసి పెట్టుకున్న హద్దులు కూడా పోయాయా?"

దీనికి చాలాసార్లు కారణం ఫోన్ చెడిపోవడం కాదు. ఆన్‌లైన్ మ్యాప్‌లను బయటి యాప్‌లు ఎంతవరకు దాచుకోవచ్చో మ్యాప్ కంపెనీలు పెట్టిన షరతులు. అవి ఏమిటో తెలిస్తే ఏది పోతుంది, ఏది పోనవసరం లేదు, దేన్ని మీరే జాగ్రత్త చేసుకోవాలి అన్నది తేలిపోతుంది.

తెర మీద ఉన్నవి రెండు పొరలు

యాప్ తెరిచినప్పుడు మీకు కనిపించేది ఒకే బొమ్మలా ఉంటుంది. నిజానికి అది ఒకదాని మీద ఒకటి పరిచిన రెండు పొరలు. అడుగున ఉన్నది మ్యాప్ లేదా ఉపగ్రహ చిత్రం. అది గూగుల్ వంటి సంస్థది. దాని పైన మీరు నడిచి గానీ వేలితో నొక్కి గానీ పెట్టిన గుర్తులు, వాటిని కలిపే గీత ఉంటాయి. యాప్ తయారు చేసినవారు సాధారణంగా అడుగు పొరను సొంతంగా తయారు చేయరు, పెద్ద సంస్థ దగ్గర అద్దెకు తెచ్చుకుంటారు.

ఈ అడుగు పొర ఒకేసారి మొత్తంగా రాదు. చిన్న చిన్న చదరపు ముక్కలుగా వస్తుంది. వీటిని టైల్స్ అంటారు, ఇంటి నేలకు పరిచే టైల్స్ లాంటివే అనుకోండి. మీరు వేలితో మ్యాప్‌ను జరిపినప్పుడల్లా కొత్త టైల్స్ నెట్ ద్వారా దిగుతాయి. నెట్ లేకపోతే ఆ చోట గళ్ళు ఖాళీగా ఉండిపోతాయి.

"ఒకసారి దిగిన టైల్స్‌ను ఫోన్‌లోనే ఉంచేస్తే సరిపోతుంది కదా" అని ఎవరైనా అనుకుంటారు. సాంకేతికంగా అది తేలికైన పనే. కానీ గూగుల్ మ్యాప్స్ సేవను వాడుకునే యాప్‌లకు ఆ సంస్థ పెట్టిన షరతులలో ఇది స్పష్టంగా నిషేధం. మ్యాప్ సమాచారాన్ని ముందుగా దింపి పెట్టుకోవడం, నిల్వ చేసుకోవడం, మరో చోటికి మార్చి వాడడం కుదరదు. ప్రత్యేకంగా అనుమతి ఇచ్చిన కొద్ది సందర్భాలకే మినహాయింపు.

కంపెనీలు ఎందుకు ఇంత పట్టుబడతాయి

మొదటి కారణం డబ్బు. చాలా మ్యాప్ సేవలకు వాడకాన్ని లెక్క కట్టి, ఉచిత పరిమితి దాటితే యాప్ యజమాని దగ్గర రుసుము తీసుకుంటారు. టైల్స్‌ను దాచేసుకుంటే ఆ మీటరు తిరగదు. మీ మోటారుకు మీటరు తప్పించి వైరు వేసుకుంటే కరెంటు వాళ్ళు ఊరుకోరు కదా, ఇదీ అంతే.

రెండోది, ఆ ఉపగ్రహ చిత్రాలన్నీ గూగుల్ సొంతం కావు. ఉపగ్రహాలు నడిపే వేరే కంపెనీల దగ్గర కొన్న చిత్రాలు వాటిలో చాలా ఉంటాయి. చూపించడానికి హక్కు కొన్నారు గానీ, మూడో మనిషికి ధారాదత్తం చేయడానికి కొనలేదు. మూడోది, మ్యాప్ పాతబడుతుంది. రోడ్డు మారుతుంది, చెరువు కట్టకు గండి పడి దారి మూసుకుపోతుంది. పాత మ్యాప్ దాచుకున్న యాప్ తప్పు చూపిస్తే పేరు పోయేది మ్యాప్ సంస్థదే.

2018 జులైలో గూగుల్ తన మ్యాప్ సేవకు కొత్త ధరల పద్ధతి తెచ్చి, ప్రతి యాప్ యజమానీ బిల్లింగ్ ఖాతా తెరవాల్సిందేనని చెప్పింది. అప్పుడు ఖాతా తెరవని వారి మ్యాప్‌లు నల్లబడి, వాటి మీద "ఫర్ డెవలప్‌మెంట్ పర్పసెస్ ఓన్లీ" అన్న అక్షరాలు పడ్డాయి. ఇప్పటికీ మీ యాప్‌లో ఆ అక్షరాలు కనిపిస్తే లోపం మీ ఫోన్‌లో లేదు. యాప్ యజమాని బిల్లు సంగతి తేలలేదని అర్థం. అలాంటి యాప్‌కు మీరు ఏడాది చందా కట్టి ఉంటే వెంటనే మీ గుర్తులు బయటికి తీసుకోండి, ఆ తర్వాత యజమానికి ఫోన్ చేయండి. ఈ వరుస తలకిందులు చేయవద్దు.

"30 రోజుల తర్వాత చెరిపేస్తాం" అంటే నమ్మాలా?

గూగుల్ షరతులలో 30 రోజుల మాట ఉన్నది నిజమే. గూగుల్ దగ్గర నుంచి వచ్చిన అక్షాంశ రేఖాంశాలను యాప్ తాత్కాలికంగా దాచుకోవచ్చు, అదీ వరుసగా 30 రోజులకు మించకుండా. ఆ తర్వాత తీసేయాలి. ఉదాహరణకు యాప్‌లో మీ ఊరి పేరు టైపు చేసి వెతికారు. ఆ ఊరు ఎక్కడుందో గూగుల్ చెప్పింది. ఆ అంకెలకు 30 రోజుల గడువు వర్తిస్తుంది. ప్రతి స్థలానికీ గూగుల్ ఇచ్చే గుర్తింపు సంఖ్య ఒకటుంటుంది, దాన్ని మాత్రం ఎంతకాలమైనా ఉంచుకోవచ్చు. యాప్ తయారీదారులు ఆ సంఖ్య ఉంచుకుని, అవసరమైనప్పుడు మళ్ళీ గూగుల్‌నే అడుగుతారు.

ఇక్కడే రైతు ఒక తేడా గట్టిగా పట్టుకోవాలి. మీరు ఫోన్ పట్టుకుని గట్టు వెంట నడిచినప్పుడు నమోదైన గుర్తులు గూగుల్ ఇచ్చినవి కావు. ఆకాశంలోని జీపీఎస్ ఉపగ్రహాల సంకేతం అందుకుని మీ ఫోన్ లెక్క కట్టినవి. వాటికి 30 రోజుల గడువు లేదు, నిల్వ నిషేధం లేదు. కాబట్టి ఎవరైనా "గూగుల్ రూల్ ప్రకారం మీ పొలం హద్దులు నెల తర్వాత చెరిపేస్తున్నాం, ఉంచాలంటే ప్రీమియం కట్టండి" అంటే ఆ మాటలో నిజం లేదు. వాళ్ళ సర్వరులో ఉంచడానికి వాళ్ళు అద్దె అడగవచ్చు, అది వ్యాపారం. దానికి గూగుల్ పేరు చెప్పడం మాత్రం సరికాదు.

మరి తెర మీద ఉపగ్రహ చిత్రం చూస్తూ వేలితో నొక్కి గీసిన హద్దు సంగతి? ఒక రైతు తన పొలం ఎంతుందో చూసుకోవడానికి గూగుల్ మ్యాప్స్‌లోనో గూగుల్ ఎర్త్‌లోనో కొలుచుకుంటే ఇబ్బంది లేదు, ఆ సౌకర్యం ఇచ్చిందే అందుకు. కానీ ఒక సంస్థ గూగుల్ చిత్రం మీద ఊరి పొలాలన్నీ గీయించి, ఆ గీతలతో సొంత మ్యాప్ తయారు చేసి అమ్మడానికి షరతులు ఒప్పుకోవు. చిత్రం చూసి రోడ్లు, ఇళ్ళ ఆకారాలు దించి కొత్త సమాచార భాండారం తయారు చేయకూడదని అందులో ఉంది. ఈ సంగతి రైతు ఉత్పత్తిదారుల సంఘాల పెద్దలు ముఖ్యంగా గుర్తుంచుకోవాలి. దీని గురించి కింద మళ్ళీ చెబుతాను.

గూగుల్ సొంత యాప్‌లో ఆఫ్‌లైన్ ఉంది కదా?

ఉంది. నిషేధం బయటి యాప్‌లకు, గూగుల్ మ్యాప్స్ యాప్‌లో మీరే మ్యాప్ దింపుకోవచ్చు. కుడివైపు పైన మీ ప్రొఫైల్ బొమ్మ నొక్కి, ఆఫ్‌లైన్ మ్యాప్స్ అన్నచోట మీకు కావలసిన ప్రాంతం ఎంచుకుంటే ఫోన్‌లో దిగుతుంది. తర్వాత నెట్ లేకున్నా దారి చూపిస్తుంది.

అయితే రైతు ఆశించేది ఇందులో దొరకదు. దిగేది రోడ్లు, ఊళ్ళ పేర్లు ఉన్న మామూలు మ్యాప్ మాత్రమే. ఉపగ్రహ చిత్రం ఆఫ్‌లైన్‌లో దిగదు. నెట్ లేని చోట మీ పొలం దగ్గర తెరిస్తే గట్లు, చెట్లు కనపడవు. లేత రంగు ఖాళీ మీద నీలి చుక్క ఒకటి కనిపిస్తుంది, ఆ చుక్క మీరు. మండల కేంద్రం నుంచి కొత్త ఊరికి దారి వెతకడానికి అది చాలు, చేను చూసుకోవడానికి చాలదు.

ఇలా దింపిన మ్యాప్‌కు కూడా గడువు ఉంటుంది. గడువు 15 రోజులు లేదా అంతకన్నా తక్కువ ఉన్నప్పుడు యాప్ దానంతట అదే కొత్తది దింపుకోవాలని చూస్తుంది, అదీ వైఫై దొరికినప్పుడు. మన ఊళ్ళలో ఎంతమంది ఇళ్ళలో వైఫై ఉంది? అందుకే చాలామందికి తెలియకుండానే ఆఫ్‌లైన్ మ్యాప్ చెల్లిపోతుంది. ఆఫ్‌లైన్ మ్యాప్స్ సెట్టింగులలోకి వెళ్ళి, డౌన్‌లోడ్ ప్రిఫరెన్స్ దగ్గర వైఫై మాత్రమే అన్నదాన్ని మొబైల్ నెట్‌వర్క్ కూడా అని మార్చుకుంటే ఈ సమస్య ఉండదు.

కంప్యూటర్ ఉన్నవారికి గూగుల్ ఎర్త్ ప్రో అనేది 2015 నుంచి ఉచితం. ఇటీవల చూసిన ప్రాంతాల చిత్రాలను అది కొంత మేర కంప్యూటర్‌లో నిలవ ఉంచుకుంటుంది, పాత సంవత్సరాల చిత్రాలనూ చూపిస్తుంది. మీ చేను పక్క వాగు ఎటు జరిగిందో, పుంతదారి ఏ ఏడు వరకు ఉందో చూడడానికి ఇంతకన్నా మంచి సాధనం ఉచితంగా దొరకదు. చిత్రం తీసిన తేదీ కింద అంచున ఉంటుంది, తప్పకుండా చూడండి. రెండు మూడేళ్ళ నాటి చిత్రం చూసి ఈ ఏటి పైరు గురించి మాట్లాడేవాళ్ళు కూడా ఉంటారు.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మార్గం

దాచుకోవడానికి అనుమతి ఉన్న మ్యాప్ కూడా ఉంది. దాని పేరు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. 2004లో ఇంగ్లండులో మొదలైంది. ప్రపంచమంతటా స్వచ్ఛందంగా పనిచేసేవారు రోడ్లు, కాలువలు, ఊళ్ళు గుర్తించి కూర్చిన మ్యాప్ ఇది. ఈ సమాచారాన్ని ఎవరైనా దింపుకోవచ్చు, నిల్వ చేసుకోవచ్చు, యాప్‌లో వాడుకోవచ్చు. షరతులు ముఖ్యంగా రెండు. ఎవరి సమాచారమో పేరు చెప్పాలి. ఆ సమాచారాన్ని మెరుగుపరచి బయటికి ఇస్తే అదే షరతుల మీద ఇవ్వాలి.

అయితే ఇక్కడా ఒక మెలిక ఉంది. సమాచారం ఉచితం గానీ, బొమ్మలుగా తయారు చేసిన టైల్స్ పంపే వారి సర్వరు అందరూ ఎడాపెడా వాడుకోవడానికి కాదు. అది విరాళాల మీద నడుస్తుంది. ఆ సర్వరు నుంచి ఒక్కసారిగా వేల టైల్స్ దింపడం, ఆఫ్‌లైన్ కోసం ముందుగా లాగి పెట్టుకోవడం వాళ్ళు నిషేధించారు. అలా చేసే యాప్‌లను ఆపేస్తారు. చెరువు నీళ్ళు అందరివీ అయినా తూము దగ్గర ఒక్కడే పది మోటార్లు పెడితే ఊరుకోరు. నియమం తెలిసిన యాప్ తయారీదారు మూల సమాచారాన్ని తెచ్చుకుని, ఫోన్‌లోనే బొమ్మ గీసే ఏర్పాటు చేస్తాడు. ఆర్గానిక్ మ్యాప్స్, ఓస్మాండ్ అనే యాప్‌లు ఈ పద్ధతిలో పనిచేస్తాయి. మీ ప్రాంతం ఒకసారి దింపుకుంటే నెట్ లేకుండానే మ్యాప్ కనిపిస్తుంది, గుర్తులు పెట్టుకోవచ్చు, ఆ గుర్తులను ఫైలుగా బయటికి తీయవచ్చు.

లోపం ఏమిటంటే మన పల్లెల వివరాలు ఇందులో పలచగా ఉంటాయి. హైవేలు, మండల రోడ్లు ఉంటాయి గానీ డొంకలు, పిల్ల కాలువలు చాలాచోట్ల లేవు. ఊళ్ళో చదువుకున్న పిల్లలు ఉంటే వాటిని చేర్చవచ్చు. గూగుల్ చిత్రం చూసి మాత్రం గీయకూడదు, అది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాళ్ళే ఒప్పుకోరు. వాళ్ళకు అనుమతి ఉన్న వేరే ఉపగ్రహ చిత్రాలు ఉన్నాయి, 2010 నుంచి మైక్రోసాఫ్ట్ బింగ్ చిత్రాలు అలా వాడుతున్నారు. నడిచి నమోదు చేసిన దారి అయితే మరీ మంచిది. ఎవరి చేను ఎవరిదో పేర్లు మాత్రం అందులో పెట్టవద్దు, అది ప్రపంచమంతా చూసే మ్యాప్.

నెట్ లేకుండా పొలం కొలవడం

మ్యాప్ కనిపించకపోయినా కొలత ఆగదు. ఈ ఒక్క విషయం తెలియక చాలామంది సిగ్నల్ కోసం ఫోన్ పైకెత్తి గట్ల మీద తిరుగుతుంటారు. జీపీఎస్‌కు డేటా అక్కర్లేదు. ఆకాశం బాగా కనిపిస్తే చాలు. నెట్ లేనప్పుడు మొదటిసారి స్థానం పట్టుకోవడానికి కొన్ని నిమిషాలు ఆలస్యం కావచ్చు, అంతే. అడుగున మ్యాప్ లేకుండా ఉత్త తెల్ల తెర మీద కూడా మీరు నడిచిన గీత పడుతుంది, విస్తీర్ణం వస్తుంది.

ఎంత నమ్మకం ఉంచాలన్నది వేరే సంగతి. బయలు ప్రదేశంలో మంచి ఫోన్ కూడా 3 నుంచి 5 మీటర్లు అటూ ఇటూ చూపించవచ్చు. మామిడి, ఆయిల్‌పామ్ తోటల నీడలో ఇంకా పెరుగుతుంది. ఇది చిన్న కమతానికి ఎంత తేడా తెస్తుందో చూడండి. నలుచదరంగా ఉన్న ఎకరం పొలం ఒక్కో వైపు సుమారు 63.6 మీటర్లు. నాలుగు వైపులా గీత 2 మీటర్ల చొప్పున బయటికి జరిగిందనుకుంటే ఎకరం కాస్తా 1 ఎకరం 13 సెంట్లు అవుతుంది. అదే ఎకరం 20 మీటర్ల వెడల్పున పొడుగ్గా పట్టెలా ఉంటే అదే 2 మీటర్ల పొరపాటుకు 22 సెంట్లు పెరుగుతుంది. అన్నివైపులా తప్పు ఒకే దిక్కుగా పడడం అరుదే, కొంత ఇటు కొంత అటు కొట్టుకుపోతుంది. అయినా పట్టె చేలకు, అరెకరం లోపు మడులకు ఫోన్ కొలతతో కౌలు తగువులు తీర్చుకోవద్దు. టేపు పట్టుకోండి.

కొలిచేటప్పుడు మొదటి మూలన కాసేపు నిలబడి, యాప్‌లో ఖచ్చితత్వం 5 మీటర్లు లేదా తక్కువ చూపించేదాకా ఆగండి. ప్రతి మూలనా అర నిమిషం ఆగి గుర్తు పెట్టండి. గట్టు వంపు తిరిగినచోట అదనంగా ఒక గుర్తు వేయండి. వేరే రోజు మళ్ళీ ఒకసారి నడవండి. రెండు కొలతలు దగ్గరగా వస్తే పనికి సరిపోతుంది, రాకపోతే మూడోసారి నడవాల్సిందే. ఉపగ్రహ చిత్రం మీద వేలితో గీసేవారికి ఇంకో హెచ్చరిక. చిత్రమే కొన్ని మీటర్లు పక్కకు జరిగి ఉండవచ్చు. అప్పుడు విస్తీర్ణం సరిగ్గానే వస్తుంది గానీ పొలం మొత్తం పక్క రైతు చేలోకి జరిగినట్లు కనిపిస్తుంది. దాన్ని చూపించి గొడవకు దిగేముందు ఇది గుర్తు తెచ్చుకోండి.

గుర్తులు దాచుకునే పద్ధతి

యాప్ అన్నది ఈ రోజు ఉంటుంది, రేపు ప్లే స్టోర్ నుంచి పోవచ్చు. ఫోన్ నీళ్ళలో పడవచ్చు, కొడుకు కొత్త ఫోన్ కొని పాతది ఇచ్చేయవచ్చు. పొలం విస్తీర్ణం మళ్ళీ కొలుచుకోవచ్చు గానీ కొన్ని గుర్తులు మళ్ళీ దొరకవు. మూడు అడుగుల లోతున పూడ్చిన పైపులైను ఎక్కడ మలుపు తిరిగిందో, వాల్వు ఎక్కడ ఉందో, మోటారు కేబుల్ ఏ గట్టు కింద నుంచి పోయిందో, మట్టి నమూనా ఏ చోట తీశారో, ఎండిపోయిన పాత బోరు ఎక్కడ మూసేశారో, ఇవన్నీ వేసినవాళ్ళకు తప్ప తెలియవు. గుంత పూడ్చకముందే ఆ చోట్ల నిలబడి గుర్తులు తీసుకోండి. పాత పైపు లీకయినప్పుడు సగం చేను తవ్వించే ఖర్చు తప్పుతుంది.

పొలం కొలిచే మంచి యాప్‌లలో ఎక్స్‌పోర్ట్ లేదా షేర్ అన్న చోట కేఎంఎల్ అనే ఫైలు వస్తుంది. కొన్నింటిలో జీపీఎక్స్ అని ఉంటుంది. ఏదైనా ఫరవాలేదు. కేఎంఎల్ ఏ ఒక్క యాప్ సొత్తూ కాదు, 2008 నుంచి అంతర్జాతీయ ప్రమాణం. గూగుల్ ఎర్త్‌లోనూ తెరుచుకుంటుంది, సర్వే వాళ్ళ కంప్యూటర్‌లోనూ తెరుచుకుంటుంది. ఆ ఫైలును మీ ఈమెయిల్‌కు పంపుకోండి. వాట్సాప్‌లో మీకు మీరే పంపుకుంటే చాలదు, ఫోన్ మారినప్పుడు బ్యాకప్ లేకపోతే అదీ పోతుంది. ఇంట్లో మరొకరి ఫోన్‌కు కూడా పంపి, అక్కడ తెరిచి చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ను నమ్ముకోకూడదు.

స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాం అంటారు కొందరు. అది బొమ్మ మాత్రమే. ఆ బొమ్మతో మళ్ళీ ఆ చోటికి వెళ్ళి నిలబడలేరు. తీసుకుంటే తీసుకోండి గానీ, మూలన ఉన్న మ్యాప్ సంస్థ పేరు కత్తిరించకండి. ఎవరికైనా కాగితం మీద ఇచ్చేటప్పుడు ఆ పేరు ఉండాలన్నది కూడా షరతే.

అన్నిటికన్నా నమ్మకమైనది కాగితం. ప్రతి మూల అక్షాంశం, రేఖాంశం ఒక కాగితం మీద రాసి పాసుపుస్తకం కవరులో పెట్టుకోండి. దశాంశ బిందువు తర్వాత ఐదు అంకెలు తప్పనిసరిగా రాయాలి. ఐదో అంకె అంటే సుమారు ఒక మీటరు, ఆరో అంకె అంటే సుమారు 11 సెంటీమీటర్లు. మూడే అంకెలు రాస్తే వంద మీటర్ల తేడా వస్తుంది, అంటే మీ గుర్తు ఎదుటివాడి చేలో పడుతుంది. మన రెండు రాష్ట్రాలలో అక్షాంశం 12 నుంచి 20 లోపు, రేఖాంశం 76 నుంచి 85 లోపు ఉంటుంది. ఏది ముందు రాశారో ఇలా గుర్తుపట్టవచ్చు. కేఎంఎల్ ఫైలు లోపల రేఖాంశం ముందు ఉంటుంది, గూగుల్ మ్యాప్స్‌లో టైపు చేసేటప్పుడు అక్షాంశం ముందు ఉండాలి. తారుమారైతే మీ చేను ఉత్తర ధ్రువం దగ్గర మంచు సముద్రంలో కనిపిస్తుంది. తేదీ, సర్వే నంబరు, ఆ మూలన ఏముందో (తాడిచెట్టు, సర్వే రాయి, కల్వర్టు) పక్కన రాయండి. పదేళ్ళ తర్వాత అంకెల కన్నా ఆ తాడిచెట్టు మాటే ముందు ఉపయోగపడవచ్చు.

యాప్ కొనేముందు, సంఘం యాప్ చేయించుకునేముందు

చందా కట్టమని అడిగే యాప్ ఏదైనా ముందు ఉచిత భాగంలో ఒక పొలం కొలిచి, కేఎంఎల్ బయటికి వస్తుందో లేదో చూడండి. రాకపోతే వదిలేయండి. నా దృష్టిలో మిగతా సౌకర్యాలన్నీ దీని తర్వాతే. చందా ఆగిన రోజున మీ గుర్తులు చూడనిస్తారా అన్నది అడగండి. "గూగుల్ ఉపగ్రహ చిత్రం మొత్తం ఆఫ్‌లైన్‌లో ఇస్తాం" అని ప్రకటించే చిన్న యాప్‌ల జోలికి పోవద్దు. అనుమతి లేకుండా టైల్స్ లాగే యాప్ ఏ రోజైనా ఆగిపోతుంది, మీ చందా దానితో పాటే పోతుంది.

రైతు ఉత్పత్తిదారుల సంఘాలు సభ్యుల పొలాలు నమోదు చేయడానికి సొంత యాప్ చేయించుకుంటున్నాయి. ఒప్పందంలో కొన్ని మాటలు రాయించుకోవాలి. పొలం గుర్తులు సభ్యులవి, సంఘానివి, యాప్ కంపెనీవి కావు. ప్రతి సీజను చివర మొత్తం గుర్తుల ప్రతి సంఘానికి ఇవ్వాలి. పొలాలు నడిచి నమోదు చేయాలి, గూగుల్ చిత్రం మీద ఆఫీసులో కూర్చుని గీయకూడదు. మ్యాప్ బిల్లు ఎవరి ఖాతాలో పడుతుందో ముందే తేల్చుకోవాలి. లేకపోతే సభ్యులు పెరిగిన కొద్దీ ఊహించని బిల్లు వస్తుంది.

ఆఫ్‌లైన్‌లో ఉపగ్రహ చిత్రం తప్పనిసరిగా కావాలంటే ఐరోపా వారి సెంటినెల్-2 చిత్రాలు ఉన్నాయి. ఇవి ఉచితం, పేరు చెప్పి దాచుకోవచ్చు, వ్యాపారానికీ వాడుకోవచ్చు. సుమారు ఐదు రోజులకొకసారి కొత్త చిత్రం వస్తుంది, మబ్బు పడితే లేదు. అయితే ఒక్కో చుక్క 10 మీటర్ల చదరం. ఎకరానికి సుమారు 40 చుక్కలే వస్తాయి. గట్టు కనిపించదు గానీ పైరు ఎక్కడ పచ్చగా ఉంది, ఎక్కడ వడలింది అన్నది తెలుస్తుంది. వానాకాలంలో మాత్రం మబ్బుల వల్ల దీని మీద పెద్ద ఆశ పెట్టుకోవద్దు.

ఇంకొకటి. సర్వే నంబరు, ఫోన్ నంబరు, పొలం హద్దులు మూడూ కలిస్తే అది మీ గురించి చాలా చెప్పే సమాచారం. మందుల వ్యాపారి, అప్పులిచ్చే యాప్, రియల్ ఎస్టేట్ దళారి అందరికీ అది కావాలి. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో వచ్చిన కేంద్ర చట్టానికి మూలం మీ సమ్మతి. యాప్‌లో "అంగీకరిస్తున్నాను" నొక్కేముందు మీ కొలతలు ఎవరికి ఇస్తారో చదవండి, చదవలేకపోతే చదవగలిగినవారితో చదివించుకోండి. కొలత యాప్‌కు మీ కాంటాక్టులు, మెసేజ్‌లు చూసే అనుమతి అవసరమే లేదు. అడిగితే ఇవ్వవద్దు.

ప్రభుత్వ మ్యాప్‌లు, హద్దు తగాదాలు

హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం నుంచి ఇస్రో నడిపే భువన్ 2009 నుంచి ఉంది. భూ వినియోగం, నీటి వనరులు చూడడానికి బాగుంటుంది. సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 స్కేలు మ్యాప్‌లలో వాగులు, చెరువులు, గుట్టలు బాగా కనిపిస్తాయి. కానీ అందులో ఒక సెంటీమీటరు అంటే 500 మీటర్లు, మీ ఎకరం ఒకటిన్నర మిల్లీమీటరు కూడా ఉండదు.

యాప్ కొలత ఎంత బాగా వచ్చినా అది హక్కు పత్రం కాదు. ఈ-పంట నమోదులో సిబ్బంది పొలం దగ్గర తీసుకునే వివరాలకు మీ యాప్ ఫైలు బదులు కాదు. మీ పేరున ఎంత నమోదైందో సరిచూసుకోవడానికి మాత్రం మీ కొలత దగ్గర ఉంచుకోండి. తేడా చాలా ఎక్కువగా ఉంటే గడువు లోపలే గ్రామ వ్యవసాయ సహాయకుడికి, తెలంగాణలో అయితే మీ ఏఈఓకు చెప్పండి.

హద్దు తగాదా ఉంటే ఆధారం సర్వే శాఖ రికార్డు. ఎఫ్‌ఎంబీ లేదా టిప్పన్, ఆంధ్రప్రదేశ్‌లో రీసర్వే పూర్తయిన గ్రామాలలో అయితే కొత్త ల్యాండ్ పార్సిల్ మ్యాప్. మీసేవలో ఎఫ్-లైన్ దరఖాస్తు పెట్టి సర్వేయరుతో హద్దులు చూపించుకోవాలి. పక్క రైతుకు నోటీసు అందేలా దరఖాస్తులో ఆయన పేరు, సర్వే నంబరు సరిగ్గా రాయండి. సర్వేయరు రాళ్ళు చూపించిన రోజున ప్రతి రాయి దగ్గర నిలబడి గుర్తు తీసుకుని, అప్పటికప్పుడే కేఎంఎల్ పంపించుకోండి. ఆ కాగితం మీద సర్వే జరిగిన తేదీ, దరఖాస్తు నంబరు, అక్కడున్నవారి పేర్లు కూడా రాసి పెట్టండి. రాయి కదిలితే ఎక్కడ ఉండేదో మీరు చెప్పగలుగుతారు, మళ్ళీ పెట్టించుకోవడానికి మాత్రం సర్వేయరునే పిలవాలి.